అప్పులవాళ్ళు గుమ్మంలో ఉన్నా సరే, పీఎఫ్ ముట్టుకోకండి

మా అన్నయ్య తన పీఎఫ్ (జీతంలోంచి నెలనెలా దాచే ప్రావిడెంట్ ఫండ్) మొత్తం తీసేశాడని నాకు తెలిసేటప్పటికే ఆ డబ్బు అయిపోయి నెల దాటింది. 7 లక్షల 80 వేలు. హైదరాబాద్‌లో 11 ఏళ్ళు ఉద్యోగం చేస్తే కూడిన డబ్బు అది. ఫోన్‌లో వదిన ఏడుస్తూ చెప్పింది, "ఎవరికీ చెప్పొద్దన్నారు, నీకు కూడా" అని. ఆ రోజు నాకు కోపం వచ్చింది, ఇప్పుడు తలుచుకుంటే బాధే తప్ప కోపం లేదు, ఎందుకంటే ఆ పరిస్థితిలో ఎవరైనా అదే చేస్తారు. చెయ్యకూడదు అని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

అన్నయ్య 2017లో ఉద్యోగం మానేసి గుంటూరు వచ్చి బట్టల షాపు పెట్టాడు. మూడేళ్ళు బాగానే నడిచింది. 2020 ఉగాదికి సూరత్ నుంచి చీరలు, పిల్లల బట్టలు అరువు మీద దించాడు, షాపు పై అంతస్తు నిండా సరుకే. ఆ ఏడాది ఉగాది మార్చి 25. దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది కూడా ఆ రోజే. పండగ పోయింది, దాని వెనకే వచ్చే పెళ్ళిళ్ళ సీజను పోయింది, సరుకు మాత్రం ఉండిపోయింది. బ్యాంకులో స్థలం మీద తీసుకున్న సీసీ లోనుకి (వ్యాపారం నడపడానికి ఇచ్చే క్యాష్ క్రెడిట్ అప్పు) నాన్న జామీను. బయట ఫైనాన్సులో 20 లక్షలు, నూటికి మూడు రూపాయల వడ్డీ. ఇవి కాక ఇంటి చుట్టుపక్కల వాళ్ళ దగ్గర చేబదుళ్ళు.

20 లక్షలకు మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 60 వేలు. వాళ్ళు ఇంటికొచ్చి కూర్చునేవాళ్ళు. అరవరు, తిట్టరు, ఊరికే కూర్చుంటారు, పక్కింటి వాళ్ళు చూసేలా. అన్నయ్య ఆగస్టులో ఆన్‌లైన్‌లో పీఎఫ్ క్లెయిము పెట్టాడు, ఉద్యోగం మానేసి చాలా కాలమైంది కాబట్టి మొత్తం వచ్చేసింది. ఆ 7 లక్షల 80 వేలు 13 నెలల వడ్డీకి సరిపోయింది, సరిగ్గా అంతే, లెక్క చూడండి. అసలులో ఒక్క రూపాయి తగ్గలేదు. పాత బాకీలూ కొత్త వడ్డీలూ కలిపి కట్టి, మళ్ళీ మొదటికొచ్చి అదే గుమ్మంలో నిలబడ్డాం.

అప్పుడు అన్నయ్యకు 36 ఏళ్ళు. ఉద్యోగం మానేసినా పీఎఫ్ ఖాతాలో ఉన్న డబ్బుకు 58 ఏళ్ళు వచ్చేదాకా వడ్డీ పడుతుంది. ఏడాదికి 8 శాతం చొప్పున వేసుకున్నా 22 ఏళ్ళకు 40 లక్షలు దాటేది. ఉద్యోగం మానేశాక వచ్చే వడ్డీ మీద పన్ను ఉంటుంది, అది తీసేసినా చాలా పెద్ద మొత్తమే మిగిలేది. అదంతా 13 నెలల పరువు కోసం కరిగిపోయింది.

ఇంతకంటే నాకు నిద్ర పట్టనివ్వని సంగతి ఇంకొకటి ఉంది. ఆ డబ్బు అన్నయ్య తియ్యకపోయి ఉంటే దాన్ని ఎవరూ, ఏ ఫైనాన్సు వాడూ, ఏ కోర్టూ తీసుకోలేకపోయేవాళ్ళు. అది మాకెవరికీ తెలియదు.

మాకు వరసకు బాబాయి అయ్యే లాయరు ఒకాయన ఉన్నారు. ఆయన దగ్గరకు మేము వెళ్ళింది 2021 చివర్లో, అంతా అయిపోయాక. ఎందుకు ఆలస్యం చేశామంటే సిగ్గు. లాయరు దగ్గరకు వెళ్ళడమంటే ఐపీ పెడుతున్నారని ఊరంతా అనుకుంటుంది కదా. మన వైపు "ఐపీ పెట్టాడు" అన్న మాట తిట్టుతో సమానం. పది మంది డబ్బు ఎగ్గొట్టి పారిపోయినవాడు అని అర్థం. నిజానికి ఐపీ అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్, "నాకున్నది ఇదీ, నేను ఇవ్వాల్సింది ఇదీ, తీర్చలేను" అని కోర్టు ముందు లెక్క పెట్టడం. దొంగ ఐపీలు పెట్టేవాళ్ళు లేరని నేననను, వాళ్ళ వల్లే ఈ మాటకు ఇంత చెడ్డపేరు వచ్చింది. కానీ నిజంగా చితికిపోయినవాళ్ళు ఆ చెడ్డపేరుకు భయపడి, చివరికి ముసలితనానికి దాచుకున్నది కూడా తీసి వడ్డీలకు పోసేస్తున్నారు.

బాబాయి మొదట అడిగిన ప్రశ్న, "పీఎఫ్ ఉందా?" అని. అన్నయ్య తల దించుకున్నాడు. బాబాయి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నాన్న వైపు తిరిగి, "మీదైనా ఉందా అన్నయ్యా?" అన్నారు.

నాన్నది ఉంది. ఎలా మిగిలిందో చెబితే ఆశ్చర్యపోతారు. నాన్న ఒక స్పిన్నింగ్ మిల్లులో 29 ఏళ్ళు పనిచేసి 2021 జూన్‌లో రిటైరయ్యారు. అయిన మర్నాడే, పీఎఫ్ తీసి అన్నయ్య అప్పులకు కట్టేద్దామని క్లెయిము పెట్టించారు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, పీఎఫ్ రికార్డులో ఒక్క అక్షరమే ఉంది. పేరు కలవలేదని క్లెయిము తిరిగొచ్చింది. మిల్లు ఆఫీసు చుట్టూ నాలుగైదుసార్లు తిరిగారు, సంతకం పెట్టాల్సిన ఆయన సెలవులో ఉన్నారు, ఆ తర్వాత కాగితం ఎక్కడో ఆగిపోయింది. ఇంట్లో రోజూ ఆ పేరు గురించే టెన్షన్, నాన్న బీపీ పెరిగింది, అమ్మ తిరుపతి మొక్కుకుంది. 9 లక్షలు ఆ ఒక్క అక్షరం దగ్గర ఆగి, అలా మిగిలిపోయాయి.

ఈ డబ్బుకు చట్టంలో కంచె ఉందని బాబాయి చెప్పారు. నేను ఆయన చెప్పింది రాసుకున్నాను, తర్వాత ఆ సెక్షన్లు వెతుక్కుని చదువుకున్నాను కూడా. అప్పట్లో నేను చదివిన 1952 నాటి ఈపీఎఫ్ (ఉద్యోగుల ప్రావిడెంట్ ఫండ్) చట్టంలో 10వ సెక్షన్ ప్రకారం సభ్యుడి ఖాతాలో ఉన్న పీఎఫ్‌ను ఏ కోర్టు డిక్రీ కింద కూడా జప్తు చెయ్యడానికి వీల్లేదు, ఇంకొకరికి రాసిచ్చినా, తాకట్టు పెట్టినా చెల్లదు. అదే సెక్షన్‌లో ఇంకో మాట ఉంది, అది చదివి నాకు కళ్ళు చెమర్చాయి. సభ్యుడు చనిపోతే ఆ డబ్బు నామినీకి చేరేటప్పుడు చనిపోయిన మనిషి అప్పులేవీ దానికి అంటవు. అమ్మ పేరు నామినీగా ఉందో లేదో ఆ రాత్రే లాగిన్ అయ్యి చూశాను. ఉంది.

గ్రాట్యుటీకి, అంటే ఏళ్ళ తరబడి పనిచేసినందుకు యజమాని చివర్లో ఇచ్చే డబ్బుకు, అప్పట్లో అమల్లో ఉన్న 1972 నాటి చట్టంలో 13వ సెక్షన్ ఇలాంటి రక్షణే ఇచ్చింది. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 60వ సెక్షన్ ఉంది, అప్పుకింద ఏవి జప్తు చెయ్యకూడదో చెప్పే సెక్షన్ అది, అందులో పింఛను ఉంది, ప్రభుత్వ ఉద్యోగుల జీపీఎఫ్ ఉంది, పీపీఎఫ్ (ఎవరైనా తెరుచుకోగల పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్) ఉంది, అప్పున్న మనిషి జీవితం మీద ఉన్న బీమా పాలసీ డబ్బు కూడా ఉంది. మరి ఐపీ పెడితే ఉన్న ఆస్తంతా కోర్టు చేతికి పోతుంది కదా, అప్పుడు ఇవి ఏమవుతాయి అని నేను అడిగాను. మనలాంటి మామూలు మనుషుల దివాలా కేసులు ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కిందే నడుస్తున్నాయి. 2016లో వచ్చిన కొత్త దివాలా కోడ్‌లో వ్యక్తుల భాగం, కంపెనీల అప్పులకు సొంత జామీను పెట్టినవాళ్ళకు మాత్రమే, 2019 డిసెంబరు 1 నుంచి అమల్లోకి తెచ్చారు. ఆ పాత చట్టం 28వ సెక్షన్ ఏమంటుందంటే, సివిల్ ప్రొసీజర్ కోడ్ గానీ వేరే ఏ చట్టం గానీ జప్తు చెయ్యకూడదన్న ఆస్తి, దివాలా తీసిన మనిషి ఆస్తి లెక్కలోకే రాదు. అంటే ఐపీ పెట్టినా పీఎఫ్ పీఎఫ్‌లాగే ఉంటుంది. అన్నయ్య అంతా విని లేచి బయటికి వెళ్ళిపోయాడు. వదిన వెనకే వెళ్ళింది.

బీమా గురించి ఒక మాట ఇక్కడే చెప్పేస్తాను. అన్నయ్యకు రెండు ఎల్‌ఐసీ పాలసీలు ఉండేవి. ఒకటి లోను తీసుకునేటప్పుడు బ్యాంకుకు అసైన్ చేసేశాడు, అది పోయింది. మనమే సంతకం పెట్టి హామీగా ఇచ్చేశాక ఇక ఏ రక్షణా పనిచెయ్యదు. రెండోది ఇంట్లో బీరువాలో ఉంది, దాన్ని సరెండర్ చేస్తానంటే బాబాయి ఒప్పుకోలేదు. అది ఇంకా ఉంది. పెళ్ళయినవాళ్ళు పాలసీ తీసుకునేటప్పుడే 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద భార్యాపిల్లల పేరున తీసుకుంటే అది మొదటి రోజు నుంచీ వాళ్ళదే అవుతుంది, భర్త అప్పులవాళ్ళకు దాని మీద హక్కు ఉండదు. అయితే అప్పులు ఎగ్గొట్టే ఉద్దేశంతో ప్రీమియం కట్టాడని తేలితే మాత్రం ఆ మేరకు వసూలు చెయ్యొచ్చు. బాగున్న రోజుల్లో చేసుకోవాల్సిన పని అది.

ఇక గ్రాట్యుటీ కథ. నాన్న చివరి జీతం, డీఏతో (కరువు భత్యంతో) కలిపి 18,200. దాన్ని 26తో భాగించి, 15 రోజులకు లెక్కగట్టి, 29 ఏళ్ళతో హెచ్చవేస్తే 3 లక్షల 4 వేల 500. అది నాన్న సేవింగ్స్ ఖాతాలో పడింది. ఆ ఖాతా ఏ బ్యాంకులో ఉందనుకున్నారు? అన్నయ్య లోను ఉన్న బ్యాంకులోనే, అదే బ్రాంచిలో. స్థలం అమ్మేసినా ఇంకా 11 లక్షలు బాకీ ఉందని, జామీనుదారు కాబట్టి నాన్న ఖాతా మీద హోల్డ్ పెట్టేశారు. నాన్నకు ఆ సంగతి ఏటీఎం దగ్గర తెలిసింది, బీపీ మాత్రలకు డబ్బు తీద్దామని వెళితే. వెనక లైన్లో మనుషులు నిలబడి ఉన్నారట. ఇంటికొచ్చి చొక్కా కూడా విప్పకుండా మంచం మీద పడుకున్నారు.

బాబాయి బ్యాంకుకు ఉత్తరం రాశారు. అందులో 2008లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు పెట్టారు, రాధేశ్యామ్ గుప్తా కేసు. పింఛను, గ్రాట్యుటీ లాంటి డబ్బు రిటైరైన మనిషి చేతికి వచ్చాక కూడా దాని స్వభావం మారిపోదు, రక్షణ పోదు అని ఆ తీర్పు సారాంశం. మిల్లు ఇచ్చిన గ్రాట్యుటీ లెటర్, ఖాతా స్టేట్‌మెంటు, ఆ డబ్బు ఏ రోజు ఎక్కడి నుంచి పడిందో చూపిస్తూ జత చేశాం. 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పెడతామని కూడా రాశారు. హోల్డ్ తీయడానికి ఐదు వారాలు పట్టింది. మా అదృష్టం ఏమిటంటే ఆ ఖాతాలో వేరే డబ్బు పెద్దగా కలవలేదు, ఏది గ్రాట్యుటీయో చూపించగలిగాం. షాపు డబ్బూ ఇదీ అందులోనే తిరిగి ఉంటే ఎంత కష్టమయ్యేదో. అందుకే నేను ఎవరు అడిగినా మొదట చెప్పేది ఇదే. రిటైర్మెంటు డబ్బు కోసం వేరే బ్యాంకులో, అప్పుతో ఏ సంబంధం లేని బ్యాంకులో, విడిగా ఒక ఖాతా తెరవండి. అందులో ఇంకేమీ వెయ్యకండి. పీఎఫ్ అయితే అవసరం లేనంత కాలం పీఎఫ్‌లోనే ఉంచండి, 55 దాటి రిటైరైనవాళ్ళకు ఆ తర్వాత కూడా మూడేళ్ళ పాటు వడ్డీ పడుతుంది.

మామూలు పొదుపు డబ్బును ఫిక్సెడ్ డిపాజిట్లలో, మ్యూచువల్ ఫండ్లలో, షేర్లలో, ఊరి బయట ప్లాట్లలో దాచుకున్నవాళ్ళకు ఈ రక్షణ లేదు. మనవాళ్ళలో చాలామంది "ముసలితనానికి" అని ప్లాట్లే కొంటారు. అప్పులవాళ్ళకు మొదట కనిపించేది అదే.

బంధువులు ఇచ్చిన సలహాలు ఇంకో రకం. "అన్నీ మీ వదిన పేరు మీద రాసెయ్యమనమ్మా" అని కనీసం నలుగురు చెప్పారు నాకు. బాబాయి గట్టిగా వద్దన్నారు. ఐపీ వెయ్యడానికి ముందు రెండేళ్ళలోపు ఊరికే రాసిచ్చిన ఆస్తిని కోర్టు రద్దు చేసి వెనక్కి తెస్తుంది, పైగా మనిషి నిజాయితీ మీదే అనుమానం వస్తుంది. పిటిషన్ వెయ్యడానికి మూడు నెలల ముందు ఒక అప్పులవాడికి మాత్రం ఎక్కువ మేలు చేస్తూ కట్టినదీ చెల్లకుండా పోవచ్చు. ఉన్నది ఉన్నట్టు చూపించడం, చట్టం మనకు విడిచిపెట్టినదాన్ని కదిలించకుండా ఉంచడం, ఈ రెండూ కలిసే ఉండాలి. ఇంకో సంగతి, ఫైనాన్సు వాళ్ళ దగ్గర అన్నయ్య సంతకం పెట్టిన ఖాళీ చెక్కులున్నాయి. ఐపీ పెట్టినంత మాత్రాన చెక్ బౌన్స్ కేసులు ఆగవు, అవి క్రిమినల్ కేసులు. వాటి కోసం కోర్టు చుట్టూ తిరగడం వేరే యాతన, దాని గురించి రాయాలంటే ఇంకో పోస్టు కావాలి.

మా కజిన్ ఒకడు డల్లాస్‌లో ఉంటాడు. మా సంగతి విని, అక్కడ కూడా ఇంతేనక్కా అన్నాడు. ఉద్యోగం పోయి, క్రెడిట్ కార్డుల బాకీలు పెరిగి, 401కె (మన పీఎఫ్ లాంటి అక్కడి రిటైర్మెంటు ఖాతా) పగలగొట్టి కట్టినవాళ్ళు వాడికి తెలిసినవాళ్ళలోనే ఉన్నారట. 59న్నర ఏళ్ళు నిండకుండా తీస్తే మామూలుగా పన్ను కాక పైన 10 శాతం పెనాల్టీ. అక్కడి దివాలా చట్టంలో 401కె డబ్బు అప్పులవాళ్ళకు అందదు, చేతులారా తీసి కట్టేస్తే తప్ప. దేశం మారినా భయం ఒకటే.

ఇప్పుడు అసలు కష్టమైన మాట. నాన్న బాబాయి చెప్పిందంతా విన్నారు, తలూపారు, ఇంటికొచ్చాక నాతో, "చట్టం ఒప్పుకోవచ్చమ్మా, ఆ పూలావిడ ముఖం ఎలా చూడను?" అన్నారు. మా వీధి చివర పూలు కట్టి అమ్మే ఆవిడ అన్నయ్యకు లక్షా 50 వేలు ఇచ్చింది, కూతురి పెళ్ళికని దాచుకున్నది. వెనకింటి పిన్నిగారు 2 లక్షలు ఇచ్చారు, వాళ్ళాయన పోయాక వచ్చిన డబ్బులోంచి. వీళ్ళెవరూ మూడు రూపాయల వడ్డీ వాళ్ళు కాదు. నమ్మి ఇచ్చినవాళ్ళు. ఐపీ లిస్టులో వాళ్ళ పేర్లూ ఫైనాన్సు వాళ్ళ పేర్లూ ఒకదాని కింద ఒకటి ఉంటాయి, కోర్టుకు అందరూ ఒకటే.

వాళ్ళ కోసమైనా పీఎఫ్ తీద్దామని నాన్న పట్టుబట్టారు. నేను ఒప్పుకోలేదు. ఆయనకు పింఛను నెలకు 3 వేలు కూడా రాదు. ఆ 9 లక్షలు పోతే అమ్మానాన్నల మందులకు, రేపు ఏదైనా ఆపరేషన్‌కు, మళ్ళీ అప్పే చెయ్యాలి, అప్పుడు ఆ అప్పు ఇచ్చేది కూడా ఇలాంటి ఇంకో పిన్నిగారే. ఈ మాట నాన్నకు చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది, చెప్పాక ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు. చివరికి నేను, మా ఆయన కూర్చుని లెక్క వేసుకున్నాం. మా జీతాల్లోంచి నెలకు 5 వేలు, మొదట పూలావిడకు, తర్వాత పిన్నిగారికి. అది అన్నయ్య డబ్బు కాదు, నాన్న డబ్బు కాదు, కోర్టు లెక్కల్లోకి రాదు.

అన్నయ్య 2022లో ఐపీ వేశాడు. ఆ ఉదయం నాన్న గుడికి వెళ్ళి, మధ్యాహ్నం దాకా ఇంటికి రాలేదు. 2023లో బ్యాంకుతో సెటిల్‌మెంటు కుదిరింది, నా గాజులు, వదిన పుట్టింటివాళ్ళు పెట్టిన బంగారం కలిపి కట్టాం. నాన్న జామీను కూడా ఇంతటితో తీరిపోయిందని బ్యాంకు చేత కాగితం మీద రాయించుకున్నాం, ఇది మర్చిపోకండి, అసలు మనిషి బాకీ తీరిందని రాసి జామీనుదారు పేరు వదిలేస్తే మళ్ళీ నోటీసు రావచ్చు. నాన్న పేరు సరిచేయించడం కూడా ఆ ఏడాదే పూర్తయింది. మూడేళ్ళ వడ్డీ పడేదాకా ఆగి, 2024లో పీఎఫ్ తీసి పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ పథకంలో వేశారు. 8.2 శాతం, మూడు నెలలకోసారి వడ్డీ వస్తుంది. వచ్చిన రోజు అమ్మ మందుల షాపు చీటీ తీసుకుని నాన్నతో పాటే బయల్దేరుతుంది.

అన్నయ్య ఇప్పుడు ఒక బట్టల షోరూంలో మేనేజరు. మళ్ళీ పీఎఫ్ కట్ అవుతోంది. మొన్న పాస్‌బుక్ తీసి నాకు ఫోన్‌లో చూపించాడు, 1 లక్షా 12 వేలు. పాత ఉద్యోగంలో 10 ఏళ్ళు దాటింది కాబట్టి పింఛను నిధిలోది తియ్యడానికి అప్పట్లో కుదరలేదు, దానికి స్కీమ్ సర్టిఫికెట్ (చేసిన సర్వీసును పింఛను కోసం నిలిపి ఉంచే కాగితం) తీసుకోమని నేను వెంటపడి తీసుకునేలా చేశాను. ఆ సర్వీసు కూడా కలుస్తుంది, 58కి ఎంతో కొంత పింఛను వస్తుంది.

పూలావిడ బాకీ పూర్తయింది. ఆఖరి 5 వేలు ఇచ్చిన రోజు ఆవిడ లెక్క పెట్టుకోకుండా బొడ్లో దోపుకుని, మూర మల్లెపూలు కోసి నా చేతిలో పెట్టింది. పిన్నిగారికి ఇంకా 22 నెలలు ఉన్నాయి.